నాలుగేళ్లు వెనకబడ్డ కెమెరా

గద్వాల చేనేత సంఘం ఆఫీసులో ఆ సోమవారం పొద్దున కంప్యూటర్ చుట్టూ ఎనిమిది తలలు మూగాయి. వాటన్నిటి వెనక, తల్లి కొంగు పట్టుకుని నిలబడింది పదో తరగతి రజని. నలుగురిలో నోరు విప్పాలంటే ఆ పిల్లకు చెమటలు పడతాయి. కానీ ఇంతమందినీ ఇక్కడికి రప్పించింది ఆమె చెప్పిన మాటే.

హైదరాబాదు ప్రదర్శనకు సంఘం ఈసారి ఒక్క చీరే పంపుతోంది. జొన్నకంకుల అంచు చీర. చిక్కేమిటంటే ఆ అంచు రజని తల్లి పద్మమ్మ మగ్గం మీదా ఉంది, ఎదురింటి సుగుణమ్మ మగ్గం మీదా ఉంది. ముందు నేసినవాళ్ల పేరుతోనే చీర వెళ్తుంది. సద్దుల బతుకమ్మ నాడు మొదలుపెట్టానని సుగుణమ్మ, అంతకంటే ముందే నేశానని పద్మమ్మ. ఆ పండుగల్లో వనపర్తి నుంచి వచ్చిన పద్మమ్మ తమ్ముడు సుధాకర్, అక్క మగ్గం మీది చీరకు తన కెమెరాతో ఫోటో తీశాడు. ఫోటోలోపల తీసిన తేదీ కూడా దాగి ఉంటుందని బడిలో కంప్యూటర్ సారు చెప్పిన సంగతి రజని ఇంట్లో చెప్పింది.

సుధాకర్ ఫోటో మీద మౌస్ పెట్టి, కుడివైపు నొక్కి, ప్రాపర్టీస్ తెరిచాడు.

"ఏం తేదీ ఉన్నది?" అడిగాడు సంఘం అధ్యక్షుడు ఆశన్న.

"జనవరి మూడు..." సుధాకర్ గొంతు తగ్గింది. "రెండువేల నాలుగు."

ఇది రెండువేల ఎనిమిది నవంబరు. ఆఫీసంతా గొల్లున నవ్వింది.

"అబ్బో! అప్పుడు నీ బిడ్డ ఐదో తరగతి గదనే పద్మా!" అంది సుగుణమ్మ.

పద్మమ్మ ముఖం మాడిపోయింది. "ఏంది తమ్మీ గిది?"

"కొన్నకాడి నుంచి గట్లనే ఉందక్కా."

ఆ మాట రజని మనసులో గుచ్చుకుంది. కెమెరాలోని గడియారం తప్పు చూపిస్తోంది గానీ ఆగిపోలేదు కదా! తల్లి చెవిలో గుసగుసలాడింది.

"నాకెందుకు? అందరికీ చెప్పు," అంటూ పద్మమ్మ ముందుకు నెట్టింది.

"మామా," అంది రజని నేల చూస్తూ, "ఇప్పుడింకొక ఫోటో తియ్యి."

ఆశన్న చొక్కా గుండీ పెట్టుకుని మరీ ఫోటోకు కూర్చున్నాడు. దాని తేదీ తెరిచి చూస్తే ఫిబ్రవరి పదమూడు, రెండువేల నాలుగు.

"రెండు ఫోటోల నడుమ నలభై ఒక్క రోజులు," రజని వేళ్లు మడిచింది. "ఇయ్యాల్టి నుంచి గన్ని రోజులు వెనక్కి పోవాలె."

ఆశన్న గోడ మీది క్యాలెండర్ దించి ఒక్కో గడీ లెక్కపెట్టాడు. ఆయన వేలు ఎంగిలిపూల బతుకమ్మ మర్నాటి మీద ఆగింది. సద్దులకు సరిగ్గా వారం ముందు.

"నడుమల తేదీ మార్చిండేమో!" అంది సుగుణమ్మ.

"ఇగో, మార్చి చూపియ్యి," ఆశన్న సుధాకర్‌కు కెమెరా అందించాడు. అతను అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. తళుక్కున ఫ్లాష్ సుగుణమ్మ కళ్లలో పడింది.

"సాలు నాయినా, నమ్మిన!" ఆమె కళ్లు నులుముకుంటూ నవ్వేసింది. "నీ అంచు మంచిగనిపిచ్చి నేసిన పద్మా. తప్పే."

"అడుగుతే అంచు గీసిన కాగితమే ఇద్దును గద వదినా!"

ఆశన్న రిజిస్టరులో పద్మమ్మ పేరు రాశాడు. సుధాకర్ ఇంకా మీటలు వెతుకుతూనే ఉన్నాడు. "ఇంతకూ ఈ తేదీ సరిచేసుడెట్ల?"

"చీర పోయొచ్చేదాక దాన్ని ముట్టకు మామా!"

ఆ కేక వీధిదాకా వినిపించింది. అరిచింది రజని.