దోర్కమ్మ అడిగిన ప్రశ్న

సోమవారం అన్నాల వేళ సంతోషి తన ఫోన్‌లో కొత్తగా కనిపెట్టిన విద్య ఒకటి చూపించింది. మాటలు గుర్తులేకపోయినా సరే, రాగం కాస్త కూనిరాగంగా తీస్తే చాలు, అది ఏ పాటో ఫోను చెప్పేస్తుందట. నాచారం మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లంతా క్యాంటీన్ బల్ల చుట్టూ మూగారు. ఒకామె బతుకమ్మ పాట తీసింది, ఇంకొకామె పాత సినిమా పాట. అన్నీ పట్టేసింది. వాళ్లలో రోజీకి ఆ ఫోను పొగరు దించాలనిపించింది. ఏ పుస్తకానికీ ఎక్కని పాట ఒకటి ఆమె దగ్గరుంది. వాళ్లమ్మ దోర్కమ్మ సొంతంగా కట్టింది. ఇది పట్టు చూద్దామని ఆ రాగం తీసింది.

ఫోను దాన్ని కూడా పట్టింది.

తెల్ల కోటు వేసుకుని, కొండల మధ్య చేతులు చాపి పాడుతున్న మనిషి కనిపించాడు. రచన, స్వరం, గానం అన్నీ బ్రదర్ సురేష్ అని కింద ఉంది. ఆరు లక్షల మంది చూశారు. మీ అమ్మ పాట అంటివి కదా అని సంతోషి అడిగింది. ఆ మనిషిని రోజీ ఎరుగును. పదిహేనేళ్ల కింద దోర్కమ్మ ప్రార్థనకు ఎక్కడికి వెళితే అక్కడికి డోలక్ మోసుకుని వెంట వచ్చినవాడు. అక్కా ఆకలైతుందని నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చుని తిన్నవాడు.

ఆ పాట ఊరికే పుట్టింది కాదు. రోజీకి తొమ్మిదేళ్లప్పుడు నాలుగేళ్ల తమ్ముడు బెంజమిన్ జ్వరంతో పోయాడు. వాడి కాళ్లు పుట్టుకతోనే బలహీనం, ఇంటి ముందున్న మూడు మెట్లు కూడా ఎవరైనా చెయ్యి పడితేనే దిగేవాడు. చదువురాని దోర్కమ్మ వాడిని మట్టిలో పెట్టి వచ్చిన రోజు గోడకు ఆనుకుని దేవుణ్ణి నిలదీసింది. ఆ నిలదీతే పాట అయింది.

మూడు మెట్లు దిగరానోడు బెంజమీను
నీ మేడ మెట్లు ఎట్లెక్కిండు దేవా
ఎత్తుకున్నవా, నడిపిచ్చినవా
జెప్పు దేవా, నాకు జెప్పు

ఆ తర్వాత పిల్లలు పోయిన ఏ ఇంట్లో ఆదరణ కూడిక జరిగినా దోర్కమ్మను పిలిచేవాళ్లు. ఆమె ఈ పాట పాడేది, ఆ తల్లులు అప్పటిదాకా రాని ఏడుపు ఏడ్చేవాళ్లు. నాలుగేళ్ల కింద ఆమె కూడా పోయింది.

ఆ సాయంత్రం ఉప్పల్ బస్సులో రోజీ పాట మొత్తం విన్నది. మూడడుగులు వేయలేని పాపిని నేనయ్యా అని మొదలుపెట్టాడు సురేష్. నన్ను ఎత్తుకొని నడిపించినావు, నీకు వందనం వందనం అని ముగించాడు. పాటలో తమ్ముడు లేడు. అమ్మ అడిగిన ప్రశ్న లేదు. కడుపుకోతతో నిలదీసిన మాట పీకేసి ఆ చోట వందనం పెట్టాడు. రోజీకి అరికాలి మంట నెత్తికెక్కింది. పాట ఎత్తుకుపోతే పోయాడు, తమ్ముణ్ణెందుకు తీసేశాడు? ఇది మా అమ్మ పాట అని ఆ వీడియో కింద రాసింది. తెల్లారేసరికి ఆ మాటను తుడిచేశారు. మళ్లీ రాసింది, మళ్లీ తుడిచేశారు.

భర్త ఆరోన్ మెత్తటి మనిషి. పీర్జాదిగూడలో కొత్త అపార్ట్‌మెంట్లకు కరెంటు పని చేసి అలసి వచ్చి ఈ గొడవంతా విన్నాడు. దేవుని పాట ఎవరి నోట వస్తే ఏంది, యాడనో విని మర్చిపోయి ఉంటడు, నాదే అనుకుని ఉంటడు, ఇడిసిపెట్టు అన్నాడు. దేవుని పాటైతే కింద వాడి పేరెందుకని రోజీ అడిగింది. ఆరోన్ ఫ్యాను వేసుకుని పడుకున్నాడు.

సంతోషి మాత్రం ఊరుకోలేదు. రోజీ దగ్గర పాత బటన్ ఫోన్‌లో అమ్మ పాడినది ఒకటుంది, వెనక ఫ్యాను రొద, ఎవరిదో దగ్గు. ఆ రొదంతా తీసేసి గొంతు ఒక్కటే మిగిల్చే యాప్ ఒకటి సంతోషి వెతికి పట్టింది. గురువారం క్యాంటీన్‌లో దోర్కమ్మ గొంతు కడిగిన గాజులా తేటగా వినబడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. శుక్రవారం ఆ పాటను అమ్మ ఫొటోతో, అమ్మ పేరుతో సురేష్ పాట ఉన్న సైటులోనే పెట్టారు.

శనివారం ఆ సైటు వాళ్లు దాన్ని తీసేశారు. ఈ పాట రాగం హక్కులు వేరొకరివి అని రెండు వాక్యాల నోటీసు వచ్చింది. హక్కుదారు సురేష్. అంటే కన్న కొడుకు మీద ఏడ్చిన తల్లి, డోలక్ వాయించినవాడి పాట దొంగిలించినట్టు లెక్క. రోజీ ఆ నోటీసు చదివి ఫోను మంచం మీదికి విసిరికొట్టింది. చచ్చిపోయిన మనిషిని దొంగను చేస్తారా అని గోడలతో అన్నది.

ఆదివారం ఉప్పల్ ఫంక్షన్ హాల్‌లో సురేష్ ఆరాధన ఉంది. రోజీ ఒక్కతే వెళ్లింది. నాలుగు వందల మంది ఉన్నారు, మూడు కెమెరాలు, అంతా లైవ్. పాటల మధ్య సాక్ష్యాలకు పిలిచారు. సాక్ష్యం అంటే దేవుడు తనకేం చేశాడో ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. చెప్పేవాళ్లను మధ్యలో ఆపరు, వాక్యం అయిన ప్రతిసారీ వినేవాళ్లు స్తోత్రం అంటారు. రోజీ లేచి మైకు తీసుకుంది.

"నా పేరు రోజీ. మా అమ్మ దోర్కమ్మ, నాచారం."

"స్తోత్రం" అన్నది హాలు.

"నా తమ్ముడు నాలుగేండ్లకే సచ్చిపోయిండు. గా దినం మా అమ్మ కట్టిన పాటను సురేషన్న దొంగతనం జేసిండు."

సగం హాలు అలవాటుగా దానికి కూడా స్తోత్రం అనేసి, అన్నాక ఉలిక్కిపడింది. సురేష్ నవ్వు చెదరకుండానే కీబోర్డు అతనికి సైగ చేశాడు. సంగీతం పెరిగింది. రోజీ దానికి తగ్గలేదు. అమ్మ పాడినట్టే గొంతెత్తి పల్లవి అందుకుంది. ఒకరు పాడితే వెనకాల అందుకోవడం అక్కడి ఆడవాళ్లకు పుట్టినప్పటి నుంచి అలవాటు. ముందు వరుసలు అందుకున్నాయి.

మూడు మెట్లు దిగరానోడు...

పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. ఎంత గింజుకున్నా రాలేదు. అప్పుడు రెండో మైకులో, తాళం తప్పకుండా, సరిగ్గా పడాల్సిన చోట ఆ పేరు పడింది.

"బెంజమీను."

సురేష్ గొంతు అది. దోర్కమ్మ ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగిపోతుంటే డోలక్ మీంచి తలెత్తి అందించినవాడు అతనే. ఇప్పుడూ నోరు దానంతటదే అందించింది. అతను గబుక్కున మైకు దించాడు కానీ మాట వెళ్లిపోయింది.

రోజీ అతని వైపు తిరిగింది. మర్చిపోయాడేమోనన్న ఆరోన్ మాట నిజమైతే బాగుండునని వారమంతా ఆమెకు లోలోపల ఒక మూల ఉండేది. ఇక అది కూడా లేదు.

"నీకు యాదికే ఉన్నడు అన్న" అంది. "యాదికి ఉండంగనే తీసేసినవ్."

సురేష్ కెమెరా వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు. రోజీ మైకు ఇవ్వకుండా మిగిలిన పాట అందుకుంది.