దర్జీ కొట్లో తెర

దర్జీ కాజాలు కుడుతుంటే కోడలు నవల చదివి వినిపిస్తోంది. ఆ నవల్లో, కాలం మారినా తాను మారనని భీష్మించుకున్న పెద్దమనిషి చివరికి నా అన్నవాళ్లు లేక ఒంటరిగా మిగిలాడు.

"మూర్ఖుడు! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే దగ్గరెవరుంటారు?" దర్జీ మండిపడ్డాడు. "ఆఖరి మాటలు మళ్లీ చదువమ్మా, సరిగ్గా వినపళ్లేదు."

"తెర అడ్డముంది కదా మామయ్యా," అంది కోడలు లోపల్నుంచి.

ఇంటి ఆడవాళ్లు కొట్లో కనపడకూడదని, ఆమె కాపురానికొచ్చినప్పుడు ఆ తెర కుట్టింది దర్జీయే. సిగ్గుతో చితికిపోయాడు. లేచి తెర పక్కకి లాగాడు. కోడలు వెలుతురుకి కళ్లు చిట్లించి, నవ్వబోయింది.

అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కొలతలివ్వడానికి ఎవరో వచ్చారు.

దర్జీ చెయ్యి తెర మూసేసింది. లోపల పుస్తకం మూసిన చప్పుడు మాత్రం అతనికి స్పష్టంగా వినపడింది.