పదో పేజీ

అరవై ఎనిమిదిలో మా పెళ్లయింది. ఆ కొత్తలో నాకు ప్రతిదీ ముచ్చటే. తార్నాకలో అద్దెకు తీసుకున్న రెండు గదుల వాటా ముచ్చట. మా ఆయన సైకిలు వెనక కూర్చుని యూనివర్సిటీ చెట్ల నీడల్లోంచి పోవడం ముచ్చట. కొత్త కిరోసిన్ స్టవ్ నీలం మంట కూడా ముచ్చటే. అందుకే లేడీస్ హాస్టల్ వార్డెన్ ప్రమీలమ్మగారు, "బి.ఏ. చదివావు కదా, మా పనివాళ్లకు సాయంత్రం చదువు చెప్తావా?" అనగానే ఎగిరి గంతేశాను.

ఐదుగురు వచ్చేవాళ్లు. హాస్టల్లో నాలుగు అటెండర్ కొలువులు పడ్డాయి. ఆఫీసరు ముందు పుస్తకం చదివినవాళ్లకే ఇస్తారు. వరండాలు ఊడ్చే లచ్చవ్వకు నలభై దాటాయి. ఆమెకు ఆ కొలువు మీద ప్రాణం.

"ఆడపిల్లలకు ఉత్తరాలు పంచాలెనమ్మా నేను. పేరు జూసి, గా పిల్ల చేతిలనే పెట్టాలె" అనేది.

నెల తిరక్కుండానే అందరూ వాచకంలో మూడో పేజీ గడగడా చదివేశారు. 'తెల్లవారింది. తాత లేచాడు. తాత తోటకు వెళ్లాడు.' నేను చప్పట్లు కొట్టాను. ఇంటికెళ్లి మా ఆయన్ని కుర్చీలోంచి లాగి గిర్రున తిప్పాను.

ఒకరోజు పదో పేజీ తెరిచి లచ్చవ్వకిచ్చాను. వానబొమ్మ ఉన్న పేజీ. ఆమె అక్షరాల కింద వేలు జరుపుతూ, "తెల్లవారింది. తాత లేచాడు" అంది.

"ఇక్కడ తాత ఎక్కడున్నాడు లచ్చవ్వా?"

ఆమె పేజీ మీదికి వంగింది. "గొడుగు వట్టుకున్నోడు తాత గాదా?"

"వాన పడ్తున్నది గదా, గొడుగేస్కొని తోటకు పోతున్నడు!" అన్నాడు మెస్సులో గిన్నెలు తోమే మొగిలి. అందరూ నవ్వారు. లచ్చవ్వ నవ్వలేదు.

"మీరు చదువుతుంటె ఇని ఇని నోటికొచ్చిందమ్మా. చెప్పంగనే చప్పట్లు గొడ్తిరి. మీ మొఖం జూసి, రాదని చెప్పబుద్ధి గాలె."

నా చప్పట్ల మీద నాకే రోత పుట్టింది.

మళ్లీ మొదలుపెట్టాను. వాచకం మూసేసి, వాళ్లు రోజూ పట్టుకునే వస్తువుల పేర్లే ముక్కలు చేశాను. చీ, పు, రు. చా, ట. చాటలో 'చా' తుడిచి 'పా' రాస్తే పాట అయిందని చూసి లచ్చవ్వ నోరు తెరిచింది. "ఓయమ్మ! గింతేనా?" వత్తులు మాత్రం ఆమెను ఏడిపించాయి.

"గీ తిప్పలెందుకమ్మా? మూడో పేజీ ఉన్నది గదా" అని మొగిలి రావడం మానేశాడు. మిగతా ముగ్గురూ అతని వెనకే.

పరీక్షనాడు ఆఫీసరు డైనింగు హాల్లో కూర్చుని ముందు ఒక పళ్లెం మిరపకాయ బజ్జీలు తిన్నాడు. నూనె వేళ్లతోనే వాచకం తెరిచాడు. పదో పేజీ వచ్చింది. దాని మీద బొటనవేలి మరక పడింది.

మొగిలి వానబొమ్మను చూస్తూ తాతను తోటకు పంపాడు. ఆఫీసరు నములుతూనే, "శభాష్" అన్నాడు. మరో ముగ్గురు కూడా అదే తాతను పంపారు. ఆయన ఒక్కసారీ పేజీ వంక చూడలేదు.

లచ్చవ్వ వంతు వచ్చింది. తాత ఆమెకూ నోటికి వచ్చు. నా వైపు చూసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణం నేనూ కోరుకున్నాను, తాతనే చెప్పేయమని.

ఆమె అక్షరం కింద వేలు పెట్టింది. "వా... న. వాన. వ... చ్చిం..."

"ఏందమ్మా, గుణింతాల కాడనే ఉన్నవా? చాలు, నడువు."

"సార్, ఆ పేజీ చదువుతున్నది ఆమె ఒక్కతే" అన్నాను.

ఆయన పళ్లలో ఇరుక్కున్నది గోటితో తీసి, చూసుకుని, మళ్లీ నోట్లో వేసుకున్నాడు. "కొత్త పెండ్లికూతురివి, జోష్ ఎక్కువుంటది. ఇంటికి పోయి మీ ఆయనకు చెప్పుకో పాఠాలు."

ఆ సాయంత్రం మా ఆయన తెచ్చిన మల్లెపూలు కూడా బజ్జీ నూనె వాసన కొట్టాయి.

రెండో రోజు హాస్టల్ గోడకు కాగితం అంటించారు. నేను వెళ్లేసరికి దాని ముందు అందరూ నిలబడి ఉన్నారు.

"లచ్చక్కా, జర జూడే. నా పేరున్నదా?" మొగిలి అడుగుతున్నాడు.

లచ్చవ్వ వేలు పెట్టింది. "మొ... గి... లి. ఉన్నవ్‌రా." కిందికి జరిపింది. "సో... మ... మ్మ. ఉన్నవ్ బిడ్డా." వత్తు దగ్గర ఆగలేదు. మిగతా ఇద్దరి పేర్లూ చదివింది. వాళ్లు కేరింతలు కొడుతూ మెస్సు వైపు పరుగెత్తారు.

లచ్చవ్వ వేలు కాగితం చివరిదాకా వెళ్లింది. మళ్లీ పైనుంచి మొదలుపెట్టి, నాలుగు పేర్లూ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మంచిగనే చదివిన్నా అమ్మా? ఏదన్న ఇడిసిపెట్టిన్నా?"

"మంచిగానే చదివావు లచ్చవ్వా" అన్నాను. "ఏదీ విడిచిపెట్టలేదు."