మండలంలోకెల్లా పెద్ద ప్లాన్

“ఇగ నీకు ఏ రంది లేదు సువర్ణా! జూలూరుపాడు మండలం మొత్తంల గింత నెట్ స్పీడు ఎవ్వలింట్ల లేదు,” అన్నాడు రాజేష్ భార్యతో. హాల్లో టీవీ పక్కన గోడకు బిగించిన కొత్త పెట్టెనూ, అందులో మినుకుమనే పచ్చ లైట్లనూ చూసి తెగ మురిసిపోతున్నాడు. వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న సువర్ణ చేతులు ఆపకుండానే, “పాతదే సరిపోతుండె గద. దానికి నాలుగింతలు పెట్టి ఇదెందుకు?” అంది.

“ఏం సరిపోతుండె? మీ ఇంట్ల మాటిమాటికి నెట్ పోతదట గద అని మీ ఆఫీసు మేడం నాకే ఫోన్ చేసి అడిగింది. నా ఇజ్జత్ ఏం గావాలె? నీ కోసమే పెట్టించిన. నీ జీతంలకెల్లి కట్టుకుందాం తియ్యి.”

నీ కోసమే! ఆ మాట వింటే సువర్ణకు ఒళ్లు మండుకొస్తుంది. ఈ ఇంట్లోకి ఆమె కోసమే వచ్చిన ప్రతి వస్తువూ ఆమెకు ఇంకో పని అంటగట్టింది. మిక్సీ వచ్చాక పూటకో పచ్చడి కావాలన్నారు. వాషింగ్ మెషిన్ వచ్చాక ఒక్కసారి తొడిగిన చొక్కాలు కూడా బుట్టలోకి వచ్చి పడ్డాయి. ఇప్పుడిది. వద్దని గట్టిగా కొట్లాడాలనే ఉంది, కానీ నోరు పెగల్లేదు. ఎందుకంటే ఈ ఇంట్లో నెట్ ఏనాడూ పోలేదు. పోయిందని చెప్పింది తనే.

హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే ఆస్పత్రి బిల్లులు సరిచూసే ఉద్యోగం ఆమెది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా బియ్యం బస్తాల గదిలో లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. కంపెనీ లెక్కలో అది ఆఫీసు. ఇంటివాళ్ల లెక్కలో కోడలు ఇంట్లోనే ఉంది. మామ లాల్‌సింగ్ తండా పెద్దమనిషి. భూమి తగాదా అని ఒకరు, పింఛను రాలేదని ఒకరు, ఏ పనీ లేక ఇంకొకరు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతి మనిషికీ చాయ్ పడాల్సిందే. “ఓ సువర్ణా, నలుగురొచ్చిండ్రు!” అని అత్త సోమ్లి కేకేస్తే, మీటింగ్ నడుస్తున్నా సరే లేవాలి. “నీడపట్టున కూసొని వేళ్లు కదిలిచ్చుడే గద, గదేం పని?” అంటుంది అత్త. పత్తి చేలలో నడుం విరగ్గొట్టుకున్న మనిషి ఆమె. చెమట పట్టనిది ఆమెకు పనిలా కనబడదు. ఆమె మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోవడం సువర్ణకు ఇంకో చిరాకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇలాగే లేచి వెళ్లొస్తే, టీమ్ లీడ్ సాదియా ఎక్కడికెళ్లావని అడిగింది. మామయ్య కోసం వచ్చినవాళ్లకు చాయ్ పెట్టానని చెప్పడానికి సిగ్గేసింది. “నెట్ పోయింది మేడం. మాది అడవి పక్క ఊరు గద,” అనేసింది. అంతే, ఇట్టే నమ్మేశారు. అడవి అంటే చాలు, సిటీ వాళ్లు ఏదైనా నమ్ముతారు. ఇక అప్పటి నుంచి చాయ్ పెట్టినప్పుడల్లా నెట్ పోయింది. మామ బీపీ గోళీలు కనబడకపోయినా నెట్ పోయింది. రాజేష్ టవల్ మర్చిపోయి స్నానానికెళ్లినా నెట్ పోయింది. పాపం, ఆ పాత ప్లాన్ మోసినన్ని నిందలు తనైనా మోసిందో లేదో.

కొత్త ప్లాన్ వచ్చాక ఆమె బతుకు బాగుపడకపోగా ఇంకా అధ్వానమైంది. స్పీడు చూద్దామని జనం మొదలయ్యారు. క్రికెట్ మ్యాచ్ అని రాజేష్ దోస్తులు, ఫోన్లలో సినిమాలు నింపుకుందామని చుట్టాలు. రెప్పపాటులో సినిమా దిగిపోతోంది. చాయ్ మాత్రం ఎప్పటిలాగే నిదానంగా మరుగుతోంది, దాని ముందు సువర్ణ నిలబడే ఉంటోంది. పైగా చేతిలో ఉన్న ఒక్క సాకూ పోయింది. మీటింగుల్లోంచి పదేపదే మాయమయ్యేవాళ్లు హైదరాబాద్ ఆఫీసుకు రావాలి, లేదా మానేయాలి అని కంపెనీ తేల్చి చెప్పింది. “మన టీమ్‌ల అందరికన్నా నీ నెట్ స్పీడే ఎక్కువుంది సువర్ణా. అయినా లైన్‌ల నువ్వు ఉండవు. శనివారం మాట్లాడుదాం,” అంది సాదియా. ఆ జీతం తప్ప తనదని చెప్పుకునేది ఈ ఇంట్లో సువర్ణకు ఏమీ లేదు. శనివారం దాకా ఆమెకు సరిగా నిద్రపట్టలేదు.

అది రెండో శనివారం. మండలాఫీసులో పనిచేసే రాజేష్‌కు సెలవు, ఆమెకు లేదు. వీడియోలో సాదియా ముఖం చాలా స్పష్టంగా కనబడుతోంది. అంత డబ్బు పోసినందుకు అదొక్కటే లాభం.

“నేను పైవాళ్లకు జవాబు చెప్పాలె. నిజం చెప్పు, ఏమైతుంది అక్కడ?”

సువర్ణ నోరు తెరిచేలోపే హాల్లోంచి అత్త గొంతు ఖంగుమంది. “ఓ సువర్ణా! నలుగురొచ్చిండ్రు, జల్ది చాయ్ పెట్టు!” వెంటనే రాజేష్, “నాకు చక్కెర తక్కువెయ్యి!” అని జతచేశాడు.

అలవాటుకొద్దీ ఆమె వేలు మ్యూట్ దగ్గరికి పోయింది. పోయి, అక్కడే ఆగింది. ఎవరి మర్యాద కాపాడటానికి తను ఇన్నాళ్లూ నోరు మూసుకుంది? చేయి వెనక్కి తీసుకుంది.

“వినబడ్డదా మేడం? నాకు అడ్డమొచ్చేది నెట్ కాదు. గిది.”

సాదియా గొంతు తగ్గించింది. “ఇంటికాణ్నుంచే చెయ్యొచ్చని కంపెనీ నాకు గూడ చెప్పింది. రోజు గంటన్నర బస్సుల నిలబడి ఆఫీసుకు ఎందుకొస్తున్న అనుకున్నవ్?”

సువర్ణకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. “రెండు నిమిషాలు లైన్‌ల ఉండండి మేడం,” అని లేచి వెళ్లింది. వంటింటి వైపు కాదు, హాల్లోకి.

రాజేష్ వచ్చినవాళ్లకు ఫోన్‌లో స్పీడు చూపిస్తున్నాడు. ఆమె ఖాళీ చేతులు చూసి, “చాయ్ ఏది?” అన్నాడు.

“మనింట్ల నెట్ ఎన్నడు పోలే,” అంది సువర్ణ. అనుకున్నదానికంటే గొంతు నెమ్మదిగానే వచ్చింది. “చాయ్ పెట్టనీకి లేచినప్పుడల్లా నెట్ పోయిందని మేడంకు అబద్ధం చెప్పిన. ఈ ప్లాన్ నాకొద్దు, పాతదే పెట్టియ్యి. తొమ్మిదింటి సంది ఆరింటి దాక నేను ఇంట్ల లేనట్టే అనుకోండ్రి.”

“ఇంట్లనే ఉండి లేనట్టంటె ఎట్ల?” అత్త నోరెళ్లబెట్టింది.

“నేను హైదరాబాద్ పోతే ఎట్ల చేసుకుంటరో, గట్లనే అత్తా.”

రాజేష్ వచ్చినవాళ్ల ముఖాల్లోకి చూడలేక ఫోన్‌లోకి చూశాడు. సువర్ణ వెనక్కి వచ్చి బియ్యం గది తలుపు వేసి, లోపల గడియ పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి వంటింట్లో గిన్నె ఏదో కింద పడింది. ఆ వెనకే రాజేష్ వచ్చి తలుపు తట్టాడు.

“సువర్ణా... చాయ్‌పత్తి ఏడుంటది?”

ఆమె హెడ్‌సెట్ చెవులకు పెట్టుకుంది.

“చెప్పండి మేడం, ఇక్కడనే ఉన్న.”