గాలికి ఊడిన గడియ

ఖాళీ చేసిన ఇంటి మెట్లు మళ్ళీ ఎక్కాలంటే ఎవరికైనా కాస్త దిగులుగా ఉంటుంది. ఈవిడకి ఉన్నది మాత్రం భయం. ఎక్కే ముందు వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూసింది. కొడుకు స్కూటరు ఎక్కడా కనపడలేదు. ఈ వేళప్పుడు వాడు గోడౌన్‌లో సరుకు దింపించే పనిలో ఉంటాడని ఆవిడకి తెలుసు. తెలిసే ఈ వేళ ఎంచుకుని వచ్చింది. అయినా భయానికి నచ్చజెబితే వింటుందా?

ఆవిడ కర్టెన్లు కుట్టి బతికే మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకుని ఆ మిషను మీదే పెంచింది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఆ పిల్లే కళ్ళు పొడవడం మొదలుపెడితే కాకి ఏం చెయ్యాలో మాత్రం సామెత చెప్పినవాళ్ళు చెప్పలేదు. కిందటి నెలాఖరులో, వాడు పనికి వెళ్ళిన పూట, మిషనూ రెండు సంచులూ బండిలో వేయించుకుని చెప్పకుండా వెళ్ళిపోయింది. అద్దె కట్టే మనిషి లేకపోయేసరికి వారం తిరక్కుండా వాడూ ఇల్లొదిలి స్నేహితుల గదిలో చేరాడు. ఇప్పుడావిడ కొత్తగా పనికి కుదిరిన కర్టెన్ల షాపులో, యజమానురాలు దయతలచి చూపించిన స్టాకు గదిలో, గుడ్డల తానుల మధ్య పడుకుంటోంది. ఆ సంగతి వాడికి తెలియకూడదు. ఆవిడకి కావలసింది అదొక్కటే. ఊరి అవతల ఒక చిన్న గది మాట్లాడుకుంది. ఈ ఇంటి డిపాజిట్టు చేతికొస్తే దానికి అడ్వాన్సు కట్టి, వాడి కంటికి ఆనకుండా మిగతా బతుకు బతికేద్దామని ఆశ.

ఆవిడ ఖాళీ చేసిన పై వాటాలో ఇంటి యజమాని అప్పటికే హాల్లో రెండు కుర్చీలు వేయించి, చేతిలో కాగితంతో సిద్ధంగా ఉన్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరై, మిగిలిపోయిన లెక్కలన్నీ అద్దెకున్నవాళ్ళ మీద తీర్చుకుంటున్న మనిషి. చెడ్డవాడని మాత్రం ఎవరూ అనలేరు. ఒకరి పైసా ఉంచుకోడు, తన పైసా వదలడు. చొక్కా జేబులో లావుపాటి కవరొకటి ఉబ్బుగా కనిపిస్తోంది. ఆవిడ చూపు దాని మీదికి పోయి, సిగ్గుపడి వెనక్కొచ్చింది.

"రా అమ్మా. గోడలు బాగానే ఉంచావు. ఈ కిటికీ అద్దం పగిలింది, ఎలా?"

"గాలికండీ."

మాస్టారు రాసుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళాడు. అల్మరా తలుపు ఒక బందు మీద వేలాడుతోంది.

"ఇది?"

"అదీ గాలికేనండీ."

ఆ ఇంట్లో ఏది పగిలినా గాలి పనే. నోరూ వాయీ లేనిది కనుక పాపం ఎన్ని నిందలు వేసినా మోసింది. మాస్టారు ఒక్కో దానికీ ఖర్చు వేస్తున్నాడు. ఆవిడకి ఒక్కోటీ ఒక రాత్రి. అద్దం పగిలింది తన కుట్టు కూలి డబ్బు వాడికివ్వనన్న రోజున. అల్మరా ఊడింది ఆ డబ్బు అందులో దాచిందని వాడికి తెలిసిన రోజున. మాస్టారు ఎంత కోసుకుంటే అంత కోసుకోనీ, మిగిలింది ఇచ్చేస్తే చాలు, బయటపడదామని ఆవిడ ప్రతిదానికీ తలూపుతోంది.

ఆ తలూపడమే కొంప ముంచింది. బేరమాడని మనిషిని చూస్తే మాస్టారికి అనుమానం.

పడగ్గదిలోకి వెళ్ళి తలుపు ముందు ఆగిపోయాడు. లోపలి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట చెక్క చీలి, మేకుల కన్నాలు తెరుచుకుని ఉన్నాయి.

"గాలికి కిటికీ అద్దం పగులుతుందమ్మా, ఒప్పుకుంటాను. లోపల వేసుకున్న గడియ గాలికి ఊడుతుందా?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. చెప్పాలనే అనుకుంది. గొంతు దాకా వచ్చింది. కొడుకు కొడతాడు అనే మాట బయటికి రావాలంటే, వాణ్ణి కన్నది తానేనన్న సిగ్గు అడ్డం పడింది.

"పాత తలుపు కదండీ. దీనికీ కోసుకోండి. త్వరగా ఇచ్చేస్తే వెళ్తాను, షాపులో పనుంది."

"వెళ్దువుగాని, తొందరేముంది? అబ్బాయిని కూడా రానీ."

ఆవిడకి ఆ మాట ముందు అర్థం కాలేదు.

"ఏ అబ్బాయినండీ?"

"మీ అబ్బాయినే. నువ్వు వస్తున్నావని పొద్దున్నే ఫోన్ చేశాను. పని మానుకుని మరీ వస్తానన్నాడు. బయల్దేరే ఉంటాడు."

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదండీ ఫోన్లో."

"అన్నావు. అన్నావు కనకే చేశాను. తల్లీ కొడుకులు మాట్లాడుకోకుండా ఎన్నాళ్ళుంటారు? రేపు అతనొచ్చి డబ్బు మా అమ్మకెందుకిచ్చారని నన్ను పట్టుకుంటే నేనేం చెప్పను? ఇద్దరి ఎదురుగా ఇచ్చేస్తే నాకూ గొడవ ఉండదు, మీకూ మాట కలుస్తుంది."

"నాకు వాడంటే భయం మాస్టారూ."

అనేసింది. ఇన్నేళ్ళలో ఒక పరాయి మనిషితో అనడం అదే మొదలు. మాస్టారు చిన్నపిల్ల మాటకి నవ్వినట్టు నవ్వాడు.

"ఎక్కడైనా ఉందా అమ్మా? కన్నకొడుకుని చూసి భయపడే తల్లి ఉంటుందా? కుర్రతనం, నాలుగు మాటలని ఉంటాడు. సర్దుకోవాలి."

పెద్దమనిషి తీర్పు ఎప్పుడూ అంతే. తగిలే దెబ్బ తనది కాదు కనుక సర్దుకోవడం సులువుగానే కనిపిస్తుంది. ఆవిడకి డబ్బు మాట మనసులోంచి ఎగిరిపోయింది. మెట్ల వైపు పరిగెత్తబోయింది. అప్పుడే కింద స్కూటరు ఆగిన చప్పుడు వినిపించింది. పై వాటాకి ఉన్నది ఒకటే మెట్ల దారి.

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. నేను రాలేదని చెప్పండి."

ఆయన ఏమంటున్నాడో వినకుండానే పడగ్గదిలోకి దూరి తలుపు మూసింది. చెయ్యి అలవాటుగా గడియ కోసం పైకి వెళ్ళి, చీలిన చెక్క మీద తగిలింది. తలుపుకి వీపు ఆన్చి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడింది. ఊపిరి చప్పుడు తనకే పెద్దగా వినిపిస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

చెప్పుల చప్పుడు మెట్లెక్కి హాల్లోకి వచ్చింది.

"నమస్కారం మాస్టారూ. అమ్మ వచ్చిందా?"

వాడి గొంతు. ఎంత మెత్తగా ఉంది. బయటివాళ్ళ దగ్గర వాడి గొంతు ఎప్పుడూ అంత మెత్తగానే ఉంటుంది. మాస్టారు కాగితం తిప్పిన చప్పుడైంది.

"ఇంకా రాలేదు బాబూ."

"వస్తానంది కదండీ."

"అంది. రాలేదు మరి. పనేదో పడి ఉంటుంది. కూర్చో."

ఆవిడ కళ్ళు మూసుకుంది. మాస్టారు అబద్ధం ఆడాడు. కానీ అది ఎంతసేపు నిలుస్తుంది? తన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయేమో అనిపించింది. కిందకి చూసుకుంటే కాళ్ళకే ఉన్నాయి.

"ఆవిడ ఎక్కడుంటోందో మీకు చెప్పే ఉంటుంది," అన్నాడు కొడుకు. "చెప్పండి మాస్టారూ. నాకు డిపాజిట్టూ వద్దు, ఏమీ వద్దు. మీరే ఉంచుకోండి. నాకు మా అమ్మ కావాలి. హోటలు తిండి తినలేక చచ్చిపోతున్నాను. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. నాకు ఆవిడ తప్ప ఎవరున్నారు చెప్పండి?"

చివర్లో దగ్గాడు. చిన్నప్పటి నుంచీ వాడిది అదే దగ్గు, చలికాలం వస్తే వదలదు. ఆ దగ్గు వినేసరికి ఆవిడ వీపు తలుపు మీంచి తనకి తెలియకుండానే లేచింది. చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. వాడికి మందెవరు ఇస్తున్నారో? వెళ్ళి ఒక్కసారి వాడి మొహం చూస్తే ఏం పోయింది? ఈసారి నిజంగానే మారాడేమో? ఆవిడకి వాడంటే ఎంత భయమో, ఈ ఆలోచనంటే అంతకంటే భయం. కిందటిసారీ, అంతకు ముందూ, ఈ ఆలోచనే తలుపు తీయించింది. కొంగు గట్టిగా కొరికి, చేతిని వెనక్కి లాక్కుంది.

బయట మాస్టారి గొంతులో తడి చేరింది. "ఊరుకో నాయనా. ఊరుకో. కన్నతల్లి ఎక్కడికి పోతుంది?"

ఇక అయిపోయిందని ఆవిడ అనుకుంది. ఆయన మరొక్క క్షణంలో ఈ తలుపు చూపిస్తాడు. అదే ఆయన చేసే మంచిపని. తల్లీ కొడుకులని కలిపానని సాయంత్రం భార్యతో చెప్పుకుని ఆనందిస్తాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. లెక్క సగంలో వదలడం ఆయన వల్ల కాదు.

"అన్నట్టు బాబూ, పడగ్గది తలుపుకి లోపల గడియ ఊడి ఉంది. దానికి ఖర్చు వెయ్యాలి. ఎలా ఊడింది?"

కొడుకు నవ్వాడు. దాచాల్సిన సంగతని వాడికి తోచనే లేదు.

"నేనే లెండి. పిలిస్తే పలకదు, లోపల గడియ పెట్టుకుని కూర్చుంటుంది. ఎంతసేపని ఓర్చుకుంటాం? మీరే చెప్పండి మాస్టారూ, కన్నకొడుకుని చూసి తలుపేసుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా?"

మాస్టారి చేతిలో కాగితం నలిగిన చప్పుడైంది.

తర్వాత కుర్చీ వెనక్కి జరిగింది. జేబులోంచి కవరు తీసిన చప్పుడు, దాని అంచు చింపిన చప్పుడు వినిపించాయి.

"ఇదిగో. మొత్తం ఉంది. ఏమీ కోసుకోలేదు. తీసుకుని వెళ్ళు. మీ అమ్మ ఎక్కడుందో నాకు తెలీదు, ఇక్కడికి రాదు కూడా. నువ్వూ ఇంక రాకు."

"అయ్యో, డబ్బెందుకండీ," అన్నాడు కొడుకు. ఆ వెనకే నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు. ఇల్లిల్లూ తిరిగి, మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకుని ఆవిడ కూడబెట్టిన డబ్బు. వాడు చివరి నోటు దాకా లెక్కపెట్టాడు.

"సరే మాస్టారూ. వస్తానండీ."

అమ్మ మాట మళ్ళీ ఎత్తలేదు. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. స్కూటరు స్టార్టయి, వీధి మలుపు తిరిగి, మిగతా బళ్ళ మోతలో కలిసిపోయింది.

ఆవిడకి తలుపు తియ్యడం చేతకాలేదు. వీపు దానికి అతుక్కుపోయినట్టుంది. మాస్టారు బయటి నుంచి మెల్లగా తట్టాడు.

"వెళ్ళిపోయాడమ్మా. రా."

వచ్చింది. ఆయన ఆవిడ మొహంలోకి చూడలేక కిటికీ వైపు చూస్తున్నాడు. చేతిలో కాగితం నలిపి ఉండ చుట్టేశాడు.

"నీ డబ్బు నేను మళ్ళీ ఇస్తాను. ఒక్కసారిగా నా వల్ల కాదు, పెన్షను మీద బతికేవాణ్ణి. నెలనెలా కొంత ఇస్తాను. అతను కదలాలంటే ఇంకో దారి తోచలేదమ్మా. ఎక్కడికి పంపమంటావు?"

ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మంచివాడే. పొద్దున ఫోన్ చేసింది కూడా ఈ మంచివాడే.

"నేనే ఎప్పుడైనా వస్తాలెండి," అంది.

ఆయన నొచ్చుకోలేదు. తలూపాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. అడక్కూడదని ఎంత అనుకున్నా నోరు ఆగలేదు.

"వెళ్తూ వెళ్తూ నా గురించి ఏమైనా అడిగాడా అండీ?"

మాస్టారు ఈసారి ఆవిడ వైపు తిరిగాడు.

"అడిగాడమ్మా. కిందిదాకా వెళ్ళి సాగనంపాను కదా, బండెక్కుతూ అడిగాడు. అమ్మ కనపడితే జాగ్రత్తగా ఉండమనండి అన్నాడు."

మెట్లు దిగింది ఒక్క జత చెప్పులే. తలుపుకి వీపు ఆన్చి ఆఖరి మెట్టు దాకా విన్న మనిషి ఆవిడ.

"అలాగా అండీ," అంది. కొంగుతో మొహం తుడుచుకుని, వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూసి, మెట్లు దిగింది.