పేపర్లో పోయిన తోక్తోసున్ తాత

మా దామీరా మేడం ఓష్ నగరంలో గుండె డాక్టరు. పొద్దున ఆసుపత్రిలో రోగులను చూసేవారు, మధ్యాహ్నం వైద్య కళాశాలలో మాకు పాఠం చెప్పేవారు, తెల్లవారుజామున లేచి కథలు రాసేవారు. నెలకొకటి ఆదివారం పేపర్లో వచ్చేది. మూడింటిలో ఏదో ఒకటి వదులుకోమని ఇంట్లోవాళ్లూ పై అధికారులూ చెప్పి చెప్పి అలసిపోయారు. నర్సులైతే ఆవిడ ఎదుట ఆచితూచి మాట్లాడేవాళ్లు. నోరు జారితే ఆదివారం నాటికి పేపర్లో తేలతామని వాళ్ల భయం.

నిజానికి పేర్లూ ఊళ్లూ మార్చకుండా ఆవిడ ఏనాడూ రాయలేదు. ఒక్కసారి మాత్రం గుర్రం చెవి మార్చడం మరిచిపోయారు.

ఆ కథలో ఒక ముసలి గొర్రెల కాపరి ఉంటాడు. గుండె బలహీనపడిందని డాక్టరు ఎంత చెప్పినా వినడు. మందులు వాగులో పారేస్తాడు, పచ్చికబయళ్లు వదిలి కిందికి దిగనంటాడు. చివరికి జీను మీదే ప్రాణం పోతుంది. ఎడమ చెవి చీలిన బూడిదరంగు గుర్రం అతన్ని ఇంటి ముంగిటికి తెచ్చి నిలబడుతుంది. చదివి మా తరగతిలో సగం మంది కళ్లు తుడుచుకున్నాం.

అలాయ్ కొండల్లో ఆ కథ చదివినవాళ్లు గుర్రాన్ని గుర్తుపట్టారు. అలాంటి గుర్రం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, అది తోక్తోసున్ తాతది. ఆయన రెండేళ్ల కిందట మేడం దగ్గరే వైద్యం చేయించుకున్నాడు. పేరు మార్చి రాశారు గానీ మనిషి పోయిన మాట నిజమేనని కొండ అవతలి చుట్టాలు తీర్మానించుకున్నారు. ఆయన బావమరిది అందరికంటే ముందు గుర్రమెక్కి, మావాళ్ల పద్ధతిలో అల్లంత దూరం నుంచే "అయ్యో, నా బావా" అని గొంతెత్తి ఏడుస్తూ వచ్చాడు. కళ్లెం పట్టుకుని అతన్ని దింపడానికి గుడారంలోంచి బయటికొచ్చింది తోక్తోసున్ తాతే. బావ ఎదురుగా నిలబడి ఉన్నా ఆ మనిషికి కాసేపటిదాకా ఏడుపు ఆగలేదట.

ఏడవడానికి వచ్చినవాళ్లను ఆకలితో పంపలేరు కదా, గొర్రెను కోశారు. మర్నాడు ఇంకో గుంపు వచ్చింది. ఇంకో గొర్రె పోయింది.

ఆ వారమే తాత ఓష్‌కి వచ్చాడు. మేడం మాకు గుండె చప్పుళ్ల గురించి చెబుతుండగా, నెత్తిన తెల్ల ఉన్ని టోపీతో, భుజాన సంచీతో తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"డాక్టరమ్మా, నన్ను చంపేశావు" అన్నాడు తాపీగా.

మేడం చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. "కూర్చో బాబాయ్. ఒంట్లో ఎలా ఉంది?"

"పోయినవాడికి ఒంట్లో ఎలా ఉంటే ఏంలే."

మాకు నవ్వాగలేదు. మేడం మాత్రం నవ్వలేదు. గుర్రాన్ని మార్చాల్సిందనీ, అసలు రాసేముందు ఆయన్ను అడగాల్సిందనీ మా అందరి ముందే చెప్పి, క్షమించమన్నారు. ఆయన చెయ్యి ఊపేశాడు. చావు కబురు పుట్టినవాడికి ఆయుష్షు పెరుగుతుందని పెద్దలన్నారు కాబట్టి ఆ సంగతి వదిలెయ్యమన్నాడు. ఆయన కోపమల్లా వేరే.

"మందులు వాగులో పారేశానని రాశావా లేదా? మంచు పడుతున్నా, గొర్రెలు ఈనుతున్నా పొద్దునా సాయంత్రం మింగుతున్నానమ్మా. పుట్టి బుద్ధెరిగాక ఒక్కళ్ల మాట విన్నాను, అదీ నీ మాట. దానికి ఇదా నువ్వు నాకు తెచ్చిన పేరు?"

"చెప్పిన మాట వినేవాడి మీద కథ నడవదు బాబాయ్" అన్నారు మేడం, తప్పు చేసినదానిలా.

"నడవదా? పిల్లలూ, మీరు చెప్పండి నడుస్తుందో లేదో" అని మా వైపు తిరిగి కూర్చున్నాడు.

అలా ఆ రోజు పాఠం ఆయన చెప్పాడు. మొదటి నెల మందులు పారేసిన మాట నిజమేనట. "అది ఈవిడకెలా తెలిసిందో నాకు తెలీదు" అన్నాడు. తర్వాత ఒకనాడు కొండెక్కుతూ ఊపిరందక బండ మీద చతికిలబడ్డాడట. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చిందట.

"మందుల చీటీ చేతిలో పెడుతూ, ఇన్నాళ్లూ నీ గుర్రాన్ని ఎవరు చూసుకున్నారు బాబాయ్ అని అడిగింది. గుర్రం సంగతి అడిగిన మనిషి నాకు చెడ్డ మందు ఎందుకిస్తుంది? అప్పుడే ఇంటికెళ్లి మింగాను."

ఈ సంగతి రాయొచ్చా అని మేడం అడిగారు. రాయమన్నాడు, కానీ అచ్చుకు పంపేముందు తనకు చదివి వినిపించాలన్నాడు.

జూలైలో మేడం ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకుని కొండమీదికి వెళ్లారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. గుడారంలో తాత భార్య అనారా, గిన్నెల్లో పులిసిన గుర్రపు పాలు పోస్తూ, మేడం చదువుతున్న కథ వింది. తాత చాలాచోట్ల ఆపాడు. బండ అంత పెద్దది కాదన్నాడు, వాగు పేరు సరిచేశాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇంట్లో భార్య కూర్చుని ఏడ్చిన ఘట్టం వచ్చేసరికి అనారా చెయ్యి ఎత్తింది.

"ఆ ముక్క తీసెయ్యమ్మా. ఏదో నిన్ను నమ్మి చెప్పుకున్నాను. ఈయనకే ఇప్పుడు తెలిసింది, ఇక ఊరందరికీ కూడా తెలియాలా?"

తాత గిన్నెలోకి చూస్తూ, చాలాసేపు తాగుతున్నట్టే ఉండిపోయాడు. మేడం పెన్సిలుతో ఆ నాలుగు వాక్యాలూ కొట్టేశారు.

కథ అచ్చయింది. ముందు కథే గొప్పదని మేడం స్నేహితులు అన్నారు. ఆవిడ కాదనలేదు, బాధపడనూ లేదు. మాకు మాత్రం ఒక కొత్త పని పెట్టారు. రోగి జబ్బు వివరాలు రాసుకున్నాక మంచం పక్కన కూర్చుని ఆ రోగికే చదివి వినిపించాలి. అవునని అతను తలూపితేనే మార్కులు.

నేనిప్పుడు గుల్చా ఊరి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. కింది డాక్టర్లకు పాఠం చెబుతాను, తీరిక దొరికితే రాస్తాను కూడా. పోయిన వారం ఒకావిడ వచ్చింది. "మోకాలి నొప్పి అని ఫిర్యాదు చేస్తోంది" అని మా డాక్టర్ల పద్ధతిలో రాసుకుని ఆమెకు చదివాను. ఆమె నొచ్చుకుంది.

"నేనెవరి మీద ఫిర్యాదు చేశానమ్మా? నువ్వడిగావు, నేను చెప్పాను."

కొట్టేసి, "చెప్పింది" అని రాశాను. సరేనంది. అప్పుడు మోకాలు చూపించింది.