తలుపు మోసే మనిషి

ఆ ఉదయం ఆకాశం దిగజారి మేడల మీద కూర్చుంది. కురవదు, కదలదు. గాలి ఆగిపోయి, తీగ మీద ఆరేసిన బట్టలు చెక్కబొమ్మల్లా వేలాడుతున్నాయి. గొడుగు తీసుకోవాలా వద్దా అని పెద్దల్లుడు గడపలో నిలబడి చాలాసేపు పైకి చూశాడు. చివరికి తీసుకోకుండానే బయల్దేరాడు. వీధి మలుపు తిరిగేలోపే చిన్నల్లుడు రెండు గొడుగులు చంకన పెట్టుకుని వెనకాలే వచ్చాడు.

"మీకూ తెచ్చాను అన్నయ్యా."

"నేనడిగానా?"

"అడగలేదనుకోండి. వానొచ్చాక అడిగితే నేను తేలేను కదా."

పెద్దల్లుడు గొడుగు అందుకున్నాడు కానీ ఆ మంచితనాన్ని అందుకోలేదు. ఈ మధ్య అతనికి చిన్నల్లుడు నవ్వినా నచ్చడం లేదు, నవ్వకపోయినా నచ్చడం లేదు.

అక్కాచెల్లెళ్ళను చేసుకున్న తోడల్లుళ్ళు వాళ్ళిద్దరూ. మామగారింట్లోనే పై వాటాలో ఒకరు, కింది వాటాలో ఒకరు. వంట మాత్రం అత్తగారి పొయ్యి మీదే, అందరికీ కలిపి. పని చేసేదీ ఒక్కచోటే. వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ అది, పరుపుల దుకాణం పైఅంతస్తులో. మెట్లెక్కుతుంటే దూదిపింజలు కాళ్ళకు చుట్టుకుంటాయి. కంప్యూటర్లలో దూరి వాటికి దగ్గు తెప్పిస్తాయి.

వాళ్ళు చేస్తున్న ఆటలో ఓ పెద్ద దేశం ఉంది. కొండలు, ఏళ్ళు, అడవులు, అంతులేనన్ని ఊళ్ళు. ఆడేవాడు కత్తి భుజాన వేసుకుని ఎటు బుద్ధి పుడితే అటు పోవచ్చు. కానీ ఊళ్ళోకి పోయినవాడికి అక్కడ ఏదో ఒక పని తగలాలి కదా. ఆ పనిని వాళ్ళు క్వెస్ట్ అంటారు. క్వెస్టులతో ఊళ్ళు నింపడమే పెద్దల్లుడి ఉద్యోగం.

అతని దగ్గర ఓ అచ్చు ఉంది. ఊరి మొదట్లో ఓ రైతు నిలబడి ఉంటాడు. "బాబూ, మా మంద మీద తోడేళ్ళు పడుతున్నాయి, కాస్త పుణ్యం కట్టుకో" అంటాడు. తోడేళ్ళను చంపి వస్తే చేతిలో నాణెం పెడతాడు. పక్క ఊరికి వెళ్ళేసరికి రైతు స్థానంలో జాలరి, తోడేళ్ళ స్థానంలో మొసళ్ళు. ఆ పై ఊళ్ళో ఎలుగుబంట్లు. మధ్యలో విసుగు రాకుండా ఓ ముసలమ్మ మూలికలు తెమ్మంటుంది. ఇటుకలు కోసినట్టు కోసుకుంటూ పోతాడు పెద్దల్లుడు. కంపెనీ యజమానిని వెనకాల అందరూ మేస్త్రి అంటారు. గోడ ఎంత లేచింది అన్నట్టే "మ్యాప్ ఎంత నిండింది?" అని అడుగుతుంటాడు. మేస్త్రికి పెద్దల్లుడంటే గురి.

"ఆడేవాళ్ళు విసుక్కోరా సార్?" అని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే మేస్త్రి కంటే ముందు పెద్దల్లుడే జవాబు చెప్పేవాడు.

"విసుక్కుంటూనే ఆడతారు. నువ్వు విసుక్కుంటూనే రోజూ పళ్ళు తోముకోవడం లేదూ?"

శనివారం పొద్దున బయటివాళ్ళను పిలిచి ఆడించి చూడటం ఆ కంపెనీలో అలవాటు. ఇళ్ళలోవాళ్ళు కూడా వస్తారు. మామగారు ఒక్క శనివారమూ తప్పేవాడు కాదు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. తెర మీద దారి మలుపు తిరిగితే ఆయన భుజాలూ తిరుగుతాయి. మేక అడ్డొస్తే కాలు దానంతటదే నేలను తొక్కుతుంది. పొద్దున్నంతా ఆడి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, భోజనాల దగ్గర అత్తగారికి చెప్పేవాడు.

"ఇవాళ మా పెద్దల్లుడు నాచేత అడివంతా ఊడ్పించాడే."

ఆ ఒక్క మాట కోసం పెద్దల్లుడు వారమంతా ఎదురుచూసేవాడు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నవాడు. 'మా పెద్దల్లుడు' అన్నప్పుడు మామగారి గొంతులో పలికే బరువు అతనికి ఇంకెక్కడా దొరకలేదు.

చిన్నల్లుడికి ఆ ఉద్యోగం చూపించింది అతనే. భార్య పోరితే చూపించాడు. "చెల్లి మొగుడు ఖాళీగా కూర్చుంటే నామోషీ ఎవరికి?" అంది ఆవిడ. చేయి తిరగడానికని మేస్త్రి చిన్నల్లుడికి మ్యాప్‌లో ఓ మూల ఊరు ఇచ్చాడు. అతను ఆ ఊళ్ళో ఒకే ఒక్క మనిషిని పెట్టాడు.

ఆ మనిషి వీపు మీద ఓ తలుపు మోస్తూ దారిలో ఆయాసపడుతుంటాడు. పాత ఇల్లు వదిలి కొత్త ఇంటికి పోతున్నాడట, తలుపు మాత్రం వదల్లేక ఊడదీసుకున్నాడట. "ఓ చెయ్యి వేస్తావా?" అంటాడు. ఆడేవాడు రెండో వైపు పట్టుకోవాలి. నడుస్తున్నంతసేపూ ఆ తలుపు ఎవరెవరు తట్టారో చెబుతాడు. పాలవాడు రెండుసార్లు తట్టేవాడనీ, పెద్ద కూతురు తట్టకుండా తన్నేదనీ. కొత్త ఇంటికి చేరాక తలుపు బిగించి, "బయటికి పోయి ఓసారి తట్టు, మోత ఎలా ఉందో చూద్దాం" అంటాడు. తడితే తలుపు తీసి, ముక్కూ మొహం తెలియనట్టు "ఎవరు కావాలండీ?" అంటాడు. ఓ క్షణం ఆగి, పకపకా నవ్వి, "లోపలికి రావయ్యా" అంటాడు. అంతే. నాణెమూ లేదు, కత్తీ లేదు.

మామగారు అది ఆడిన శనివారం పెద్దల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఎవరు కావాలండీ" అనగానే మామగారి మొహం వెలవెలబోయింది. నవ్వు వినబడగానే తొడ చరుచుకున్నాడు. "ఓరి వీడి తెలివి తగలెయ్యా!" అని, మళ్ళీ బయటికి పోయి తట్టాడు.

ఆ రోజు భోజనాల దగ్గర తోడేళ్ళ ఊసే లేదు.

"నడుస్తుంటే వాడి కూతురి సంగతి చెప్పాడే. మన చిన్నది తన్నేది చూడూ, అచ్చం అలాగే."

"ఎవడి తలుపో మోసొచ్చారా!" అంది అత్తగారు. "పెరటి తలుపు ఊగుతోంది, ఓ మేకు కొట్టండని నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా. వాడి పాటి పుణ్యం నేను చేసుకోలేదు."

అందరూ నవ్వారు. పెద్దల్లుడు కూడా పళ్ళు కనబడేలా నవ్వాడు. మామగారు చేప తల భాగం తీసి చిన్నల్లుడి పళ్ళెంలో వేశాడు. ఆ ముక్క ఎప్పుడూ పెద్దల్లుడిది. మామగారు మతిమరుపుతో వేశాడో, కావాలని వేశాడో చెప్పలేం. పెద్దల్లుడి కడుపులో మాత్రం నిప్పు అంటుకుంది, ఆ రోజు మొదలు అది ఆరలేదు. మెట్ల మీద చిన్నల్లుడి చెప్పులు కనబడినా, స్నానాల గదిలోంచి అతని పాట వినబడినా ఎగదోసినట్టు మండేది.

అదే వారంలో మేస్త్రి మ్యాప్ ముందు నిలబడి తల పట్టుకున్నాడు. ఉత్తరం వైపంతా ఖాళీ. కొండల కింద ఊళ్ళు ఉన్నాయి, ఊళ్ళలో పని లేదు.

"మళ్ళీ తోడేళ్ళేనా? ఈసారి రంగైనా మార్చవయ్యా" అన్నాడు మేస్త్రి.

పెద్దల్లుడు పెదవి తడుపుకున్నాడు. "తోడేళ్ళెందుకు సార్? మా తమ్ముడి తలుపు ఉంది కదా. ఇంతమందికి నచ్చింది ఒక్క మూల ఊళ్ళో పడి ఉండటం ఏం న్యాయం? ఉత్తరంలో ప్రతి ఊళ్ళోనూ పెడదాం. మీసాలు మార్చేస్తాను, తలుపుల రంగు మార్చేస్తాను."

మేస్త్రి మొహం వెలిగింది. "ఇదీ మాట! తోడల్లుడి పనిని ఇలా పొగిడేవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

చిన్నల్లుడు తన కుర్చీలో సగం లేచాడు. "అన్నయ్యా, అది ఒక్కసారైతేనే..."

"ఏం, నీ తలుపు అందరూ తట్టకూడదా?" అని నవ్వాడు పెద్దల్లుడు.

ఆ నవ్వు ముందర, ఉద్యోగం చూపించిన మనిషి ముందర చిన్నల్లుడు ఏమంటాడు? మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దల్లుడు మిగిలిన వారమంతా అచ్చు పోశాడు. అతని చేతికి అది కొట్టిన పిండి. అయితే ఎప్పుడూ లేనంత శ్రద్ధగా పోశాడు. ఒక్క మాట మార్చలేదు. పాలవాణ్ణి ఉంచాడు, తన్నే కూతురిని ఉంచాడు. చివరి నవ్వును ఆ గొంతుతోనే, ఆ పొడవుతోనే ప్రతి ఊళ్ళోనూ పెట్టాడు. ఎవడి పొలమైనా పాడుచేయాలంటే నిప్పు పెట్టనక్కర్లేదు, నీళ్ళు ఎక్కువ వదిలినా చాలు. అతనికి ఆ సంగతి తెలుసు. తనకు తెలుసని ఒప్పుకోవడం మాత్రం ఇష్టం లేదు. 'బాగున్నదాన్ని పెంచుతున్నాను' అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఈ మబ్బు కమ్మిన శనివారం ఉత్తరం వైపు మొదటిసారి ఆడించే రోజు. తోడల్లుళ్ళు చేరేసరికే మామగారు వచ్చి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు.

మొదటి ఊరి దారిలో తలుపు మనిషి కనబడగానే ఆయన ముందుకు వంగాడు.

"ఒరేయ్, వీడు ఇక్కడికీ వచ్చాడ్రా! మీసం పెంచాడు." తలుపు పట్టాడు, కథ విన్నాడు, తట్టాడు. నవ్వు వినబడితే తనూ నవ్వాడు.

రెండో ఊళ్ళో ఇంకో మనిషి, ఎర్ర తలుపు. "వీళ్ళు అన్నదమ్ములా?" అని చిన్నల్లుడిని అడిగాడు. చిన్నల్లుడు అవునన్నట్టూ కాదన్నట్టూ తలాడించాడు. పాలవాడు రెండుసార్లు తట్టేవాడు. పెద్ద కూతురు తన్నేది. మామగారు తట్టాడు, కానీ నవ్వలేదు.

ఆ తర్వాతి ఊరి మొదట్లో తలుపు మోస్తూ ఎవరో ఆయాసపడుతుంటే ఆయన పక్కనుంచి పోయాడు. "ఓ చెయ్యి వేస్తావా?" అని వెనకనుంచి కేక. ఆయన భుజాలు ఇబ్బందిగా కదిలాయి, బస్‌స్టాపు లేనిచోట చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోతున్నట్టు. కాస్త దూరం పోయాక ఇంకో తలుపు, ఇంకో కేక. పక్క కుర్చీలో ఆడుతున్న అమ్మాయి కిసుక్కున నవ్వి, "ఈ దేశంలో ఎవరికీ సొంత ఇల్లు లేదనుకుంటా" అంది.

మామగారు ఆటను ఆపలేదు. వెనక్కి, మొట్టమొదటి మూల ఊరికి పోయాడు, అంత దూరమూ నడిచి. అసలు మనిషి ఇంటి తలుపు తట్టాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు ఆ మనిషి. నవ్వాడు. "లోపలికి రావయ్యా."

మామగారు లోపలికి పోలేదు. చేతిలోని కంట్రోలర్ బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"పదండి, ఇంటికి పోదాం."

దారిలో చినుకులు మొదలయ్యాయి. పెద్దల్లుడు మామగారికి గొడుగు పట్టాడు. అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది, కాళ్ళు మాత్రం దూదిలో దిగబడుతున్నట్టున్నాయి.

అత్తగారు పళ్ళేలు వేస్తూ, "ఏమన్నాడు మీ తలుపువాడు? బాగున్నాడా?" అంది.

"ఊరికొకడున్నాడు" అన్నాడు మామగారు. కుర్చీ జరుపుకున్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ గిన్నెలు తెచ్చి కూర్చున్నారు. "చిన్నల్లుడూ, ఓ మాట చెప్తాను ఏమనుకోకు. ఒక్క ముక్క వచ్చు కదా అని దాన్నే ఊరూరా తిప్పుతారటయ్యా? పెద్దవాడి తోడేళ్ళే నయం. చంపాలి, పోవాలి. అవేమీ మనల్ని ఇంట్లోకి రమ్మనవు."

పెద్దల్లుడి వైపు చూసి, "మా పెద్దల్లుడు ఏదుంటే అదే చెప్తాడు" అన్నాడు.

వారమంతా ఎదురుచూసిన మాట. అది చెవిలో పడగానే పెద్దల్లుడు చిన్నల్లుడి మొహం చూశాడు. అది వాడిపోతుందనుకున్నాడు, లేదా అతను ఎదురు తిరుగుతాడనుకున్నాడు. దేనికైనా సిద్ధంగానే ఉన్నాడు.

"నిజమే మావయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "కొత్త కదా, ఎక్కువ పెట్టేశాను. మార్చేస్తాను."

చిన్నకూతురు నోరు తెరిచింది. "అదేంటి, మీరు ఒక్క ఊరే కదా..."

"నువ్వు ఆ నీళ్ళ జగ్గు ఇటివ్వు" అన్నాడు భర్త, మామూలుగానే. మాటలో ముల్లు లేదు. తోడల్లుడి వైపు కళ్ళెత్తి చూడను కూడా లేదు.

పెద్దల్లుడు తన ఖాళీ పళ్ళెంలోకి చూశాడు. తలుపు వీడిదే అయింది, మెప్పు వీడిదే అయింది, ఇప్పుడు చెయ్యని తప్పు మోయడం కూడా వీడికే చాతనైంది. అదీ ఏ బరువూ లేనట్టు. మామగారికి ఏదో ఒకనాడు తెలుస్తుంది. తెలిసిన రోజున ఈ ఇంట్లో వీడు ఎంత ఎత్తుకు పోతాడో కళ్ళకు కట్టింది. ఆ ఎత్తు మాత్రం వీడికి ఇవ్వలేననుకున్నాడు. అన్నీ ఇచ్చినా అది ఇవ్వలేడు.

"అవి వీడు పెట్టలేదు" అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నేను పెట్టాను. ఒక్క ఊరే వీడిది. మిగతావన్నీ నావి."

"నీకెందుకయ్యా?" అన్నాడు మామగారు.

"పాడవ్వాలని."

అతని భార్య చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి ఆగింది. చిన్నల్లుడు అప్పుడు తలెత్తి చూశాడు. పెద్దల్లుడు ఆ చూపు కోసం కాచుకున్నట్టే దాన్ని ఎదుర్కొన్నాడు. చివరకు కళ్ళు దించుకున్నది అతనే.

మామగారు పళ్ళెం ముందుకు జరుపుకున్నాడు. అత్తగారు అందరి మొహాలూ చూసి, అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి వరసగా వడ్డించింది. చేపలు వేసింది. తల భాగం ఎవరికీ వేయకుండా గిన్నెలోనే ఉంచింది. తనూ కూర్చుంది.

తినడం మొదలుపెట్టారు. బయట వాన పెద్దదైంది. చిన్నల్లుడు ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. పెద్దకూతురు భర్త పళ్ళెంలో అన్నం అయిపోవడం చూసింది, కాసేపు ఊరుకుంది, తర్వాత వడ్డించింది. కూరలో ఉప్పు తగ్గింది. ఉప్పు డబ్బా అందరికీ మధ్యలోనే ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ జరపలేదు.